ఎదుటి సీట్లో నా పుస్తకం

మరదలు నవ్వింది. పైకి వినపడే నవ్వు కాదు, పెదవి ఒక కొస కాస్త లేచి మళ్లీ సర్దుకుంది, అంతే. కానీ ఎదుటి సీట్లో కూచున్న ఆడపడుచుకి ఆ నవ్వు ఏ వాక్యం దగ్గర పుట్టిందో కూడా తెలిసిపోయింది. పుస్తకంలోని చెవిటి ముసలాయన, కూతురు కడుతున్న వంతెన చూడ్డానికి వచ్చి, అటూ ఇటూ తిరిగి, పనివాళ్లందరి ముందూ 'దీనిమీద బట్టలారేసుకుంటారా ఏంటి' అని గట్టిగా అనేస్తాడే, అక్కడ. తనూ అక్కడే నవ్వింది. కట్టుడుపళ్లు చేసే ల్యాబులో, ఎవరివో కింది పళ్లు మైనంలో గట్టిపడుతుంటే, ఒక చేత్తో ఫోను పట్టుకుని చదువుతూ కిసుక్కుమంటే పక్క బల్ల ఆవిడ 'ఏంటి పళ్లక్కా, ఒక్కదానివే మురిసిపోతున్నావ్' అంది. ఆ నవ్వు ముందు తనది. ఇప్పుడీ పిల్ల, పెళ్లై ఏడాదైనా నిండని పిల్ల, తన నవ్వు తీసి దాని మొహానికి తగిలించుకున్నట్టు కూచుంది. పైగా భుజం మీద తమ్ముడి తల. వాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రైలు ఊగినప్పుడల్లా వాడి తల జారుతోంది, ఆమె చూపు తెర మీంచి తీయకుండానే భుజం కొంచెం ఎగరేసి సర్దుతోంది, ఎన్నేళ్లుగానో అలవాటైన పనిలాగా. ఎన్నేళ్లు? వాడి తల ఎంత బరువో తెలిసింది తనకి. అమ్మ పనికెళ్లిన మధ్యాహ్నాలు వాడు తన తొడమీద తలపెట్టుకుని 'తర్వాతేంటి అక్కా, తర్వాతేంటి' అంటుంటే కాలు తిమ్మిరెక్కినా కదపకుండా చదివి వినిపించింది తను.

మోకాలి ఆపరేషన్ అయిన పిన్నిని చూడ్డానికి వెళ్తున్నారు ముగ్గురూ. టిక్కెట్లు తమ్ముడు తీశాడు, వాళ్లిద్దరికీ ఒక పక్క, తనకి ఎదురు. అలా ఎందుకు తీశాడో అడగలేదు. అడిగితే 'ఏం, అక్కా, ముఖాముఖీ కబుర్లు చెప్పుకోవచ్చని' అంటాడు. ఎక్కిన దగ్గర్నుంచీ నిద్రే. లిఫ్టులు బాగుచేసే పని వాడిది, ఎవరో ఒకరు ఎక్కడో ఒక చోట ఇరుక్కుపోయి ఫోను చేస్తూనే ఉంటారు. మరదలిది కళ్లద్దాల షాపు. 'పళ్లు మా అక్క, కళ్లు మా ఆవిడ, ఇక నాకు మిగిలింది ముక్కే' అని వాడు పెళ్లిలో అందర్నీ నవ్వించాడు. ఆ మాట విని తనూ నవ్వింది, ఫోటోలో కూడా ఉంది, పళ్లన్నీ కనిపించేలా. కానీ ఆ రోజే ఎక్కడో చిన్న ముల్లు విరిగింది. అంతవరకు వాడు తన గురించి జోకు వేస్తే అందులో తనొక్కతే ఉండేది.

పోనీ, భుజం ఇచ్చుకోనీ. అది పెళ్లాం భుజం, దానికి కుళ్లుకుంటే లోకం నవ్విపోతుంది. కానీ పుస్తకం? పుస్తకం తనది. పుస్తకాలు చదువుకునే ఆ పలక లాంటి వస్తువు వాడు కొనిచ్చి ఉండొచ్చు, అందులో ఉన్నవన్నీ తను కొన్నవి. వాడికి మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు 'అక్కా, ఇక అట్టపెట్టెల్లో పుస్తకాలు మోసుకుంటూ ఇళ్లు మారక్కర్లేదు, అన్నీ ఇందులోనే' అని వాడి పేరుమీద ఖాతా తెరిచి తన ఫోనులో కూడా పెట్టాడు. తన కార్డు, వాడి ఖాతా. అక్కాతమ్ముళ్ల మధ్య ఇది నాది అది నీది అని ఎవరు గీత గీస్తారు? నెలనెలా తను కొంటూ పోయింది. వాడు మొదట్లో చదివేవాడు. తను గీసిన గీత కింద 'అబ్బో' అనో 'ఇదేం గొప్ప' అనో రాసేవాడు. తర్వాత్తర్వాత పని ఎక్కువై మానేశాడు. తను మాత్రం రాస్తూనే ఉంది, వాడెప్పుడైనా తెరిస్తే కనిపిస్తుందని. ఎవరూ లేని ఇంట్లో కూడా పక్క గది వైపు మొహం పెట్టి మాట్లాడుతుంటారే, అలా.

ఒకరోజు పొద్దున బస్సులో తెరిస్తే ఏమీ లేదు. పుస్తకాల అర మొత్తం ఖాళీ. ఒక్క పుస్తకం కూడా లేకుండా తెల్లటి తెర, మధ్యలో చిన్న బొమ్మ, 'మీ లైబ్రరీలో ఇంకా ఏ పుస్తకమూ లేదు, మొదలుపెడదామా?' అని ఒక వెక్కిరింపు. ఇంకా! తను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. సాయంత్రం ఆ కంపెనీవాళ్లతో రాతల్లో మాట్లాడింది. ఎవరో ఎంతో మర్యాదగా, ప్రతి వాక్యం చివరా అండీ తగిలిస్తూ చెప్పారు: ఖాతాదారు కొత్త నంబరుతో కొత్త ఖాతాలోకి మారారండీ, పాతవన్నీ అక్కడికి మార్పించుకున్నారండీ, అందులో ఇద్దరికే చోటండీ, ఆ ఇద్దరిలో మీరు లేరండీ. మరి నేను కొన్న పుస్తకాలు? మీరు కొన్నది చదువుకునే అనుమతండీ, అది ఖాతాతోపాటు వెళ్తుందండీ. తమ్ముడికి ఫోను చేస్తే వాడు నీళ్లు నమిలాడు. 'అదా... నంబరు మార్చినప్పుడు ఏదో అయినట్టుంది అక్కా, చూస్తాలే.' చూస్తాలే అని వాడు అన్నాడంటే ఆ పని గంగలో కలిసినట్టే. రెండోసారి అడగలేదు. అడిగితే ఏమని అడుగుతుంది? ఆ ఇద్దరిలో నేనెందుకు లేనురా అని అడగాలి. పెళ్లైన తమ్ముణ్ణి పట్టుకుని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు ఆ మాట. మళ్లీ కొనుక్కోవచ్చు, నిజమే, అదేం పెద్ద సంగతి కాదు. కానీ కొన్న రోజున అవి తనవి కావని తనే ఒప్పుకున్నట్టవుతుంది. కొనలేదు. ఆ వంతెన పుస్తకం సరిగ్గా మంచి పట్టు మీద ఉండగా తెగింది. ద్వీపానికీ ఒడ్డుకీ మధ్య కూతురు వంతెన కడుతుంది; తండ్రి పడవ నడిపేవాడు; వంతెన లేస్తే ఆయన పడవ ఎవరూ ఎక్కరు; అందుకని కూతురితో మాటలు మానేశాడు. మాట్లాడతాడా మాట్లాడడా? ఇన్నాళ్లూ ఆ ముసలాయన తన తలలో అలా మూతి బిగించుకునే కూచున్నాడు, ఎవరూ వచ్చి లేపకుండా.

ఇదిగో, ఈ పిల్ల లేపబోతోంది. వేలు కదిలింది, పేజీ తిరిగింది. అక్షరాలు తలకిందులుగా ఉన్నా తనకి లెక్కలేదు. దవడల అచ్చులు తలకిందులుగా పెట్టుకుని పనిచేసే చేతులూ కళ్లూ, ఎడమది కుడిగా, పైది కిందగా చూడ్డమే తిండి పెడుతోంది. కానీ తెరమీద వెలుగు పడి మెరుస్తోంది, ఏమీ ఆనడంలేదు. కొంచెం ముందుకి వంగింది, నీళ్ల సీసా కోసం అన్నట్టు. రైలు సొరంగంలోకి దూరింది, కిటికీ నల్లబడింది, నల్లటి అద్దంలో మరదలు, మరదలి ఒళ్లో వెలుగు, ఆ వెలుగులో అద్దంలోంచి ఎదురు తిరిగిన అక్షరాలు, వాటి కింద గీత. తన గీత! తన చేత్తో గీసింది. పక్కన చిన్న గుర్తు, అంటే అక్కడ తనేదో రాసింది. ఏం రాసిందో గుర్తు రాలేదు. తను రాసిన మాట తనకి గుర్తులేదు, ఆ పిల్ల చదువుతోంది, చదివి కళ్లెత్తి నిద్రపోతున్న వాడి మొహంలోకి చూస్తోంది. అలా ఎందుకు చూస్తోంది వాడికేసి? సొరంగం అయిపోయింది, కిటికీలో మళ్లీ పొలాలూ, గోదాములూ, ఎవరిదో మిద్దెమీద ఊగుతున్న దుప్పట్లు.

"వదినా, ఒకటి చెప్పనా? నవ్వకూడదు," అంది మరదలు, గొంతు తగ్గించి.

"చెప్పు."

"ఈయన ఇంత లోతు మనిషని నాకు పెళ్లైన కొత్తలో తెలీనే తెలీదు. ఎప్పుడు చూసినా మోటార్లూ తాళ్లూ అంటారా, సినిమాకెళ్తే ఫైటింగులు తప్ప ఏమీ గుర్తుండవా... ఈ పుస్తకాల్లో ఆయన రాసుకున్నవి చదివాక గానీ తెలీలేదు. ఇది వినండి: 'కోపమొచ్చి మాట్లాడకపోవడం కాదు ఇది, మాట్లాడితే ఏడుస్తానేమోనని భయం.' ఆ ముసలాయన గురించి రాశారు. మా నాన్న అచ్చం ఇంతే వదినా. ఆయనకీ సరిగ్గా వినపడదు, ఆయనకీ అంతే పంతం, నాతో మాటలు మానేశారు. ఈయన మా నాన్నని ఇంతగా అర్థం చేసుకున్నారని..." మాట మధ్యలో ఆపి, వాడి జుట్టు ఒకసారి నిమిరింది.

తనకి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చినట్టయింది. వాడా! ఆ పిల్ల నాన్నని వాడా అర్థం చేసుకుంది! ఆ వాక్యం రాసిన రోజు ఇప్పుడు గుర్తొచ్చింది, వాన, ల్యాబు పైన తన రెండు గదుల్లో కరెంటు లేదు, ఫోను వెలుగొక్కటే, రాసి చాలాసేపు కూచుంది, ఎందుకంటే అది ముసలాయన గురించి మాత్రమే కాదు. అది తీసుకెళ్లి వాడి నోట్లో పెట్టారు. వాడు పెట్టుకున్నాడు! 'ఇవి మీరు రాశారా' అని ఈ పిల్ల కళ్లు పెద్దవి చేసి అడిగి ఉంటుంది, వాడు కాదని ఒక్క ముక్క అనకుండా ముసిముసిగా నవ్వి ఉంటాడు, ఆ నవ్వు తనకి తెలుసు, చిన్నప్పుడు తను గీసిన బొమ్మ వాడు గీశాడని పంతులమ్మ మెచ్చుకున్నప్పుడు నవ్విన నవ్వే. అయితే ఈ పిల్ల ఇన్ని నెలలూ ప్రేమించింది ఎవరిని? తన మాటల్ని. తన మాటలకి వాడి మొహం తగిలించుకుని, వాడి జుట్టు నిమురుతోంది. తన జుట్టు ఎవరు నిమిరారు ఆఖరిసారి? ఛీ, ఏం ఆలోచన ఇది. చెప్పేస్తే? నాలుక చివరనే ఉంది: అవి నావమ్మాయ్, మీ ఆయన నాలుగు పేజీలు చదివి గుర్రుపెడతాడు. ఒక్క మాటతో ఆ చేయి ఆ జుట్టులో ఆగిపోతుంది. చెప్పాలనే ఉంది. అందుకే భయమేసింది, అంత తియ్యగా ఉంది ఆ మాట నోట్లో.

"కానీ ఇక్కడితో ఆపేశారు ఈయన," అంది మరదలు పేజీలు ముందుకి తోస్తూ. "ఇటు తర్వాత ఒక్క గీత కూడా లేదు. ఎందుకు వదిలేశారో! మీరు చదివారా వదినా ఇది?"

"చదివాను."

"మొత్తం?"

"ఆఁ."

"అయితే చెప్పకండి ఆఖర్న ఏమవుతుందో. ముసలాయన కూతురితో మాట్లాడతాడో లేదో నేనే తెలుసుకోవాలి. మా నాన్నకి ఫోను చేద్దామా వద్దా అనేది ఈ పుస్తకం మీద పెట్టుకున్నా, పిచ్చిదాన్ని." నవ్వింది. ఈసారి పళ్లు కనిపించాయి, చక్కటి వరస, కోరపన్ను ఒక్కటే కొంచెం ముందుకి, అది కూడా అందమే.

ఎలా వచ్చిందో తెలీదు ఆ మాట. ఆలోచించి అన్నది కాదు, కానీ ఆలోచించి అన్నంత నునుపుగా వచ్చింది. "అందుకే వదిలేసి ఉంటాడు మీ ఆయన. వంతెన కూలిపోతుందిగా. ముసలాయన దానిమీదే ఉంటాడు."

మరదలు మొహంలోంచి ఏదో దిగిపోయింది, చెంబులోంచి నీళ్లు వంపేసినట్టు. కోప్పడలేదు. 'చెప్పొద్దన్నానుగా' అని కూడా అనలేదు. తెర ఆరిపోయేదాకా దానికేసే చూసి, మెల్లగా చేయి చాచి బల్లమీద ఇటువైపు జరిపింది. "ఇక నాకెందుకులెండి. మీకు ఊసుపోవడం లేదనుకుంటా, తీసుకోండి." కిటికీ వైపు తిరిగింది. భుజం కదలకుండా ఉంది. వాడు ఇంకా దానిమీదే నిద్రపోతున్నాడు, ఏమీ తెలీని మహానుభావుడు.

చేతిలో ఉంది పుస్తకం. ఇన్నాళ్లు కావాలనుకున్నది ఇదేగా. వెచ్చగా ఉంది, ఆ పిల్ల వేళ్ల వేడి ఇంకా పోలేదు. తెరిచింది. తన గీతలన్నీ వరసగా, ఇంటికి తిరిగొస్తే గుమ్మంలో చెప్పులు కనపడ్డట్టు. ఆఖరి గీత దాటి ముందుకెళ్లింది. చదివింది, కానీ ఎలా చదివింది, దొంగిలించిన పండు చెట్టుచాటున మింగినట్టు. వాక్యం కళ్లలోకి వెళ్తోంది, లోపలికి దిగడంలేదు, మధ్యలో ఆ పిల్ల మొహం అడ్డొస్తోంది. బాగా అయింది అనుకుంది ఒక నిమిషం. ఏం బాగా అయింది? ఎవరో వినపడని ముసలాయన, ఎక్కడో ఇంట్లో ఫోను పక్కన కూచుని ఉంటాడు, మోగినా వినపడదు కాబట్టి దానికేసే చూస్తూ. ఆయనతో తనకేం పగ? పోనీ పొరపాటు పడ్డాను, వేరే పుస్తకం అనుకున్నాను అంటే? అలా అన్నా నమ్ముతుంది, మంచి పిల్ల, అదే వచ్చిన బాధ. చెడ్డదైతే ఈపాటికి హాయిగా ఉండేది. పేజీ తిప్పింది. వంతెన లేచింది. అందరూ వచ్చారు, దండలూ ఉపన్యాసాలూ, ముసలాయన రాలేదు. జనం వెళ్లిపోయాక, తెల్లవారుజామున, ఒక్కడే వచ్చాడు. మొదటి స్తంభం దగ్గర ఆగి అరచేయి దానికి ఆనించాడు. పైన ఏదో బండి వెళ్తోంది. ఆ అదురు స్తంభంలోంచి అరచేతిలోకి, అరచేతిలోంచి మోచేతిలోకి. చాలా ఏళ్ల తర్వాత ఆయన ఒక చప్పుడు విన్నాడు.

కళ్లు మసకేశాయి. వేలు దానంతటది కదిలింది, బల్లమీద మైనం గీకే వేలు, ఎవరి అనుమతీ అడగని వేలు. గీత గీసింది. గీసి, ఎప్పట్లాగే, పక్కన రాసింది: 'చూశావా, ముసలోడు చెవులు అరచేతుల్లో దాచుకున్నాడు.' చూశావా అని ఎవరిని అడిగిందో ఆమెకే తెలీదు. తల ఎత్తేసరికి మరదలు ఇటు చూస్తోంది. ఆ పిల్ల ఎప్పుడు వంగిందో, ఎప్పుడు చదివిందో, తమ్ముడి తల భుజం మీంచి ఎప్పుడు సీటు వెనక్కి చేర్చిందో.

"ఆ గీత ఇప్పుడు మీరు గీశారు," అంది మరదలు.

"ఆఁ."

"రాసింది కూడా."

మరదలు వేలు చాచి పేజీలు వెనక్కి తోసింది, ఒక గీత, ఇంకో గీత, వానరోజు రాసిన మాట, 'చూశావా' అని మొదలయ్యేవి ఎన్నో. చూసుకుంటూ వెళ్లింది. తర్వాత పక్కకి తిరిగి మొగుణ్ణి చూసింది, లెన్సు మార్చి పెట్టి ఇప్పుడెలా కనిపిస్తోందని అడుగుతారే, అలాంటి చూపు.

"అన్నీ మీవేనా?"

"నావే. వాడివి 'అబ్బో'లు మాత్రమే."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నన్ను ఎవరైనా అడిగారా? నా పుస్తకాలు నాకు చెప్పకుండా పట్టుకెళ్లిపోయారు, నేను రాసుకున్నవి కూడా మీరే ఉంచుకున్నారు." గొంతు పెరిగింది, ఎదురు వరసలో ఎవరో తిరిగి చూశారు. దాన్ని దించుకుని, దించుకున్నాక మిగిలిన మాట కూడా అనేసింది. "వంతెన కూలలేదు. నేను ఆఖరిదాకా చదవనే లేదు. ఆ గీతలు ఆగినచోటే నేనూ ఆగిపోయాను, అక్కడే మీరు ఖాతా మార్చారు. నువ్వు నాకంటే ముందు చదివేస్తున్నావని... అందుకు చెప్పాను."

మరదలు ఏడుస్తుందేమో అనుకుంది తను, లేకపోతే వాణ్ణి లేపి నిలదీస్తుందేమో అనుకుంది, రెండిటికీ సిద్ధపడింది. ఆ పిల్ల రెండూ చెయ్యలేదు. లేచి, బల్ల దాటి, ఇటువైపు సీట్లోకి వచ్చి కూచుంది. తనకి జరగక తప్పలేదు.

"ఇటివ్వండి."

"తీసుకో. నీదేగా ఇప్పుడు."

"మీరు చదివి చెప్తే నేనిక నమ్మలేను వదినా. నేను చదువుతా, మీరు వినండి."

చదవడం మొదలుపెట్టింది. రైలు చప్పుడులో తనొక్కదానికే వినపడేలా, స్తంభం దగ్గర్నుంచి. బాగా చదువుతోంది, దిక్కుమాలింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, తను ఆగే చోటే ఆగుతోంది. ఇంత బాగా తమ్ముడికి తను చదివి వినిపించిందా ఎప్పుడైనా? తనకి ఎవరైనా వినిపించారా? ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక చదివి పెట్టేది తనే, వినేవాళ్లు వేరే. ముసలాయన రెండో స్తంభానికి చేయి ఆనించాడు. మూడోది. కూతురు దూరంనుంచి చూస్తోంది, పిలిస్తే వినపడదు, దగ్గరికెళ్తే వెళ్లిపోతాడేమో. ఏం చేస్తుంది? తను మరదలి మోచేతి మీంచి తెరలోకి చూడబోయి మానేసింది. ముందే చూసేస్తే ఎలా. వెనక్కి ఆనుకుంది. కూతురు వంతెన ఆ కొసన నిలబడి, కాలితో నేలని తన్నింది, గట్టిగా, చిన్నప్పుడు పడవలో అల్లరి చేసినట్టు. అదురు ఆయన చేతిని చేరింది. ఆయన ఇటు తిరిగాడు.

మరదలు అక్కడ ఆగి, వేలు పేజీ మీదే ఉంచింది.

ఎదుటి సీట్లో కదలిక. ఆనిక పోయిన తల పక్కకి వాలి మెలకువొచ్చినట్టుంది, తమ్ముడు కళ్లు నులుముకుంటూ పక్కన ఖాళీ సీటు చూశాడు, తర్వాత ఎదురుగా వీళ్లిద్దర్నీ చూశాడు, భుజాలు ఆనించుకుని ఒకే వెలుగులో తలలు పెట్టుకున్నవాళ్లని. ఆవులింత సగంలో ఆగిపోయింది. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. ఇన్ని నెలలుగా అద్దంలో చూస్తున్నదే.

"ఏంటి మీరిద్దరే, నన్ను లేపొచ్చుగా," అన్నాడు కొంచెం అలిగినట్టు. "ఏం కథ? మొదట్నుంచి చెప్పండి, నేనూ వింటా."

మరదలు తల ఎత్తలేదు. "మీకెందుకండీ, మీరు చదివేశారుగా. గీతలు కూడా గీశారు."

వాడు నోరు తెరిచి, అక్కకేసి చూసి, మూశాడు. అక్క వాడికేసి చూడలేదు. మరదలి మోచేతిని చిన్నగా పొడిచింది.

"ఊఁ, తర్వాతేంటి?"